డెకార్ట్ ద్వైతవాదం, మధ్వాచార్యుల ద్వైతం ఒకటేనా?

కాదు. పేరు కలిసింది గానీ, దేన్ని దేని నుంచి విడదీస్తున్నారనే దగ్గరే తేడా ఉంది.

ఫ్రాన్స్‌కు చెందిన తత్త్వవేత్త రెనే డెకార్ట్ 1641లో వాదించింది ఇది: ఆలోచించే మనసు విడిగా ఉండగలిగే ఒక తత్త్వం, చోటు ఆక్రమించే శరీరం మరొకటి. చీకట్లో మంచం కోడు కాలికి తగిలిందనుకోండి. వేలు కమలడం శరీరంలో, "అబ్బా" అనిపించే నొప్పి మనసులో. మరి బరువూ ఆకారమూ లేని మనసు కాలిని వెనక్కి ఎలా లాగింది? 1643లో బొహీమియా రాకుమారి ఎలిజబెత్ ఆయనకు ఉత్తరం రాసి అడిగింది దాదాపు ఇదే. మెదడులోని పీనియల్ గ్రంథి దగ్గర రెండూ కలుస్తాయన్నారు డెకార్ట్. ఎక్కడో చెప్పారు, ఎలాగో చెప్పలేదు. నా దృష్టిలో ఆమె ప్రశ్నకు ఇప్పటికీ సరైన జవాబు రాలేదు. మెదడే మనసు అనే భౌతికవాదులకు ఈ చిక్కు లేదు. కానీ నొప్పి "అనిపించడం" అంటే ఏమిటో వాళ్లు చెప్పాలి.

మధ్వాచార్యుల ద్వైతంలో అసలు విషయం ఈశ్వరుడికీ జీవుడికీ ఉన్న భేదం. ఆయన చెప్పిన పంచభేదాల్లో (ఐదు తేడాల్లో) జీవుడికీ జడానికీ, అంటే చైతన్యం లేని పదార్థానికీ, ఉన్నది ఒకటి మాత్రమే.

డెకార్ట్‌కు దగ్గరగా కనిపించేది నిజానికి మన దర్శనాల్లో ఒకటైన సాంఖ్యం. అది చెప్పే రెండు తత్త్వాలు పురుషుడు (చైతన్యం), ప్రకృతి (జడం). అయితే అక్కడ మనస్సు, బుద్ధి, అహంకారం మూడూ ప్రకృతిలోవే. ఊరికే చూసే సాక్షే పురుషుడు. అంటే మంచం కోడు తగిలిన ఆ బాధ డెకార్ట్ లెక్కలో మనసుది, సాంఖ్యం లెక్కలో ప్రకృతిది.