వేడి మీద స్టార్ట్ అవ్వని కె-జెట్రానిక్ వోల్వో: పంప్ మార్చే ముందు ప్రెషర్ గేజ్ పెట్టి చూడండి

మీ ప్రశ్న చదువుతుంటే నా బండి గురించే రాసినట్టుంది, అందుకే కాస్త పెద్దగా రాస్తున్నా. పొద్దున్నే ఒక్క తిప్పుకే స్టార్ట్ అవుతుంది, హైవే మీద బాగానే లాగుతుంది, ఎక్కడైనా ఆగి పావుగంట తర్వాత కీ తిప్పితే మాత్రం అరనిమిషం క్రాంక్ చేసినా అందుకోవట్లేదు, మెకానిక్ ఫ్యూయల్ పంప్ పోయింది మార్చాలంటున్నాడు, మార్చమంటారా అని కదా అడిగారు. అప్పుడే మార్చొద్దండి.

నాది 1979 వోల్వో 245 వాగన్, బి21ఎఫ్ ఇంజిన్, దీనికీ కె-జెట్రానిక్కే (బాష్ వాళ్ళ పాత మెకానికల్ ఫ్యూయల్ ఇంజెక్షన్), డల్లాస్‌లో ఉంటాం. ఇక్కడ జూలై ఎండంటే మన రెంటచింతల ఎండే అనుకోండి. ఇవే లక్షణాలు చెప్తే ఒక గ్యారేజ్‌లో మెయిన్ పంప్ మార్చారు, వారం తిరక్కుండా మళ్ళీ అదే కథ, ఈసారి ఇంజెక్టర్లు అన్నారు. అప్పుడు నేను బండి ఇంటికి తెచ్చేసుకుని ఒక కె-జెట్రానిక్ గేజ్ కిట్ కొన్నా, ఆ పని ముందే చేసుంటే పంప్ డబ్బులు మిగిలేవి. మామూలు ఫ్యూయల్ ప్రెషర్ గేజ్ దీనికి పనికిరాదు, మధ్యలో వాల్వ్ ఉన్నది, బాష్ ఫిట్టింగులు వచ్చేది తీసుకోండి.

ఈ సిస్టమ్‌లో ఇంజెక్టర్లకి కరెంటు వైర్లు ఉండవు, మూడు, మూడున్నర బార్ దగ్గర వాటంతట అవే తెరుచుకుని ఆగకుండా స్ప్రే చేస్తూనే ఉంటాయి. అంటే మొత్తం నడిపేది ప్రెషరే. అదీ ఒక్కటి కాదు, పంప్ నుంచి వచ్చే సిస్టమ్ ప్రెషర్, పెట్రోల్ ఎంత పోవాలో సర్దే కంట్రోల్ ప్రెషర్, ఆపాక లైన్లో మిగిలే రెస్ట్ ప్రెషర్ అని మూడున్నాయి, మూడూ చూడకుండా ఏ పార్ట్ పోయిందో ఎవరూ చెప్పలేరు.

గేజ్‌ని ఫ్యూయల్ డిస్ట్రిబ్యూటర్‌కీ (ఇంజెక్టర్లకి పెట్రోల్ పంచేది) వార్మప్ రెగ్యులేటర్‌కీ (ఇంజిన్ వేడెక్కే కొద్దీ కంట్రోల్ ప్రెషర్ పెంచేది) మధ్య లైన్లో పెట్టాలి, వాల్వ్ రెగ్యులేటర్ వైపు ఉండాలి. రాత్రంతా ఆగిన చల్లటి ఇంజిన్ మీద మొదలుపెట్టండి, రెగ్యులేటర్ వైర్ ప్లగ్ పీకేసి, పంప్ రిలే దగ్గర జంపర్ (నేరుగా కరెంటు ఇచ్చే వైర్ ముక్క) వేసి ఇంజిన్ స్టార్ట్ చెయ్యకుండా పంప్ ఒక్కటే నడపండి. వాల్వ్ మూస్తే సిస్టమ్ ప్రెషర్ వస్తుంది, అది 5 బార్ అటూఇటూ ఉండాలి, పీఎస్‌ఐలో 70 పైచిలుకు. తెరిస్తే కోల్డ్ కంట్రోల్ ప్రెషర్, 20 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఒకటిన్నర బార్ చుట్టుపక్కల ఉంటుంది గానీ రెగ్యులేటర్ మీదున్న నంబర్‌ని బట్టి మారుతుంది కాబట్టి మాన్యువల్‌లో గ్రాఫ్ చూసుకోండి. తర్వాత ఇంజిన్ స్టార్ట్ చేసి ప్లగ్ పెట్టేస్తే కొన్ని నిమిషాల్లో మెల్లగా మూడున్నర బార్ దాకా ఎక్కాలి. పంప్ నడుస్తున్నప్పుడు మాత్రం ఎయిర్ ప్లేట్‌ని (లోపలికొచ్చే గాలిని కొలిచే పళ్ళెం) పొరపాటున కూడా పైకెత్తొద్దు, నాలుగు సిలిండర్లలోకీ పెట్రోల్ పోతుంది.

నా బండికి ఇవన్నీ కరెక్ట్‌గానే వచ్చాయి. పంప్ ఆపగానే సూది రెండు నిమిషాల్లో సున్నాకి పడిపోయింది, అసలు జబ్బు అక్కడుంది. ఆపాక ఇంజెక్టర్లు మూసుకునే ప్రెషర్ కంటే కిందికి దిగి, రెండు బార్ దగ్గర్లో కనీసం ఇరవై నిమిషాలు నిలబడాలి, నిలవకపోతే వేడికి లైన్లో పెట్రోల్ ఆవిరైపోతుంది, అందుకే పొద్దున రాని సమస్య వేడి మీద వస్తుంది.

ఎటు పోతోందో కూడా గేజే చెప్తుంది. వాల్వ్ మూసి ఉంచితే నిలబడి తెరిస్తే పడిపోతే వార్మప్ రెగ్యులేటర్ వైపు చూడండి. మూసినా పడిపోతుంటే పంప్ ఆపిన వెంటనే రిటర్న్ హోస్‌ని, అంటే మిగిలిన పెట్రోల్ ట్యాంక్‌కి వెళ్ళే గొట్టాన్ని, క్లాంప్‌తో నొక్కండి (పంప్ నడుస్తుండగా వద్దు, ప్రెషర్ విపరీతంగా పెరిగిపోతుంది), అప్పుడు నిలబడితే డిస్ట్రిబ్యూటర్ పక్కన ఉండే ప్రెషర్ రెగ్యులేటర్ ఓ-రింగ్ పోయినట్టు. అప్పటికీ నిలవకపోతే పెట్రోల్ వెనక్కి పోకుండా ఆపే చెక్ వాల్వ్, ప్రెషర్‌ని నిల్వ ఉంచే అక్యుములేటర్, లేదా కారుతున్న ఇంజెక్టరో, చల్లటి ఇంజిన్‌కి అదనంగా పెట్రోల్ కొట్టే కోల్డ్ స్టార్ట్ వాల్వో. నా అనుభవంలో టక్కున సున్నాకి పడితే చెక్ వాల్వ్, కాసేపు నిలబడి నెమ్మదిగా దిగిపోతే అక్యుములేటర్. నాకు తేలింది చెక్ వాల్వే, పంప్ మూతికి బిగించే చిన్న పార్ట్, గ్యారేజ్ వాళ్ళు కొత్త పంప్ వేసి పాత చెక్ వాల్వే దానికి మళ్ళీ బిగించారు! కొత్త వాల్వ్, రెండు కొత్త రాగి వాషర్లు, గంట పని, రెండేళ్ళ నుంచి వేడి మీద కూడా ఒక్క తిప్పుకే స్టార్ట్ అవుతోంది.

మెయిన్ పంప్ కీచుమని అరుస్తోందని కూడా రాశారు, దానికీ పంప్‌నే అనుమానించొద్దు. ట్యాంక్ లోపల ఇంకో చిన్న పంప్ ఉంటుంది, అది ఆగిపోయినా, దాని పైన పొట్టి రబ్బర్ హోస్ చిట్లినా మెయిన్ పంప్ ఒంటరిగా లాగలేక అరుస్తుంది. ట్యాంక్ సగానికి తగ్గాక బండి తడబడుతోందా గమనించండి, అలాగైతే దాదాపు ఆ హోసే.

ఒక్క మాట, దయచేసి తేలిగ్గా తీసుకోవద్దు. 70 పీఎస్‌ఐ దగ్గర పెట్రోల్ సన్నటి తుంపరలా కొడుతుంది. షెడ్ బయట, చల్లటి ఇంజిన్ మీద, నట్ చుట్టూ గుడ్డ చుట్టి నెమ్మదిగా వదులు చెయ్యండి, ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ చేతికందేలా పెట్టుకోండి.

సిస్టమ్, కోల్డ్, వార్మ్, ఇంకా ఆపాక రెండో నిమిషం, పదో నిమిషం, ఇరవయ్యో నిమిషం రీడింగులు, వార్మప్ రెగ్యులేటర్ మీద నంబర్ ఇక్కడ పెట్టండి, చూసి చెప్తా.