ముందు ఎక్కడున్నారో చెప్పండి

ప్రశ్న అడిగినవారు ఎమ్మెస్ కోసం అమెరికా వెళ్తున్నారట. చేరబోయే యూనివర్సిటీ పోలీసు శాఖలో డిస్పాచర్ ట్రైనీ ఉద్యోగం ఉందని చూశారట. ఆ పని ఎలా ఉంటుంది, టెన్షన్ తట్టుకోగలనా, మనవాళ్ళు చేరొచ్చా అని అడిగారు. నేను మిడ్‌వెస్ట్‌లో, అంటే అమెరికా ఉత్తర మధ్య రాష్ట్రాల వైపు, ఒక పెద్ద ప్రభుత్వ యూనివర్సిటీలో ఆ ట్రైనింగ్ చేశాను, ఇప్పుడు కూడా అదే గదిలో రాత్రి షిఫ్టులో ఉంటాను. మాది నరసరావుపేట. పెళ్ళయ్యాక ఇక్కడికి వచ్చాను, గ్రీన్ కార్డు చేతికొచ్చాక ఈ పనిలో చేరాను.

ఇంటి దగ్గర చాలామందికి అర్థంకాని సంగతి ఒకటుంది. ఇక్కడ క్యాంపస్ పోలీసు అంటే మన కాలేజీ గేటు దగ్గర రిజిస్టరులో సంతకం పెట్టించుకునే వాచ్‌మన్ అనుకుంటారు. పెద్ద యూనివర్సిటీల్లో వీళ్ళు అసలు పోలీసులే. తుపాకీ ఉంటుంది, అరెస్టు చేసే అధికారం ఉంటుంది. ఫోన్ వచ్చినప్పుడు వాళ్ళలో ఎవరిని ఎక్కడికి పంపాలో, వాళ్ళు చేరేలోపు ఫోన్లో ఉన్న మనిషికి ఏం చెప్పాలో చూసుకునేది డిస్పాచర్.

రోజువారీ పని మీరు ఊహించినంత భయంకరంగా ఉండదు. గది తాళం లోపల మర్చిపోయి తలుపు లాగేసుకున్నవాళ్ళు, లిఫ్టులో ఇరుక్కున్నవాళ్ళు, సైకిల్ పోయినవాళ్ళు, లైబ్రరీ నుంచి ఒంటరిగా నడిచివెళ్ళడానికి భయంగా ఉంది, తోడు పంపమనే అమ్మాయిలు. ఫైర్ అలారాలు లెక్కలేనన్ని. హాస్టళ్ళ నుంచైతే మైక్రోవేవ్‌లో మాడిన పాప్‌కార్న్, మన పిల్లలుండే అపార్ట్‌మెంట్ల నుంచైతే ఎండుమిర్చి తాలింపు. తాలింపు వేసుకోండి, తప్పులేదు. కిటికీ తెరిచి, పొయ్యి మీద ఫ్యాన్ వేసుకుంటే చాలు. కానీ అలారం మోగుతోందని స్మోక్ డిటెక్టర్‌కి ప్లాస్టిక్ కవరు చుట్టి రబ్బరు బ్యాండు వేస్తున్నారే, అది మాత్రం వద్దు. నిజంగా మంట లేచిన రోజున ఆ గదిలో నిద్రపోతున్నవాళ్ళని లేపేది అదొక్కటే.

ఇక ట్రైనింగ్. చేరేముందు వేలిముద్రలు తీసుకుంటారు, పాత చరిత్రంతా తవ్వుతారు, టైపింగ్ పరీక్ష పెడతారు. చేరాక మీ పక్కన ఒక ట్రైనర్ కూర్చుంటుంది. ఆమె హెడ్‌ఫోన్ కూడా మీ కాల్‌కే తగిలించి ఉంటుంది, కావాలంటే మధ్యలో అందుకుంటుంది. షిఫ్టు అయ్యాక ఏది ఎలా చేశారో కాగితం మీద మార్కులు వేస్తుంది. క్యాంపస్ మ్యాప్ బట్టీ పట్టాలి. ప్రతి భవనానికి ఒక పూర్తి పేరు, ఒక పొట్టి పేరు, పిల్లలు పిలుచుకునే ముద్దు పేరు ఒకటి. ఏది విన్నా ఏ వైపు తలుపు నుంచి అంబులెన్స్ లోపలికి రాగలదో చెప్పగలగాలి.

మా ట్రైనర్ మొదటి వారమే కారీ చట్టం గురించి చెప్పింది. 2013లో టెక్సస్‌లోని మార్షల్ అనే ఊళ్ళో ఒక హోటల్ గదిలో కారీ హంట్ అనే ఆమె మీద దాడి జరిగింది. ఆమె తొమ్మిదేళ్ళ కూతురు గదిలో ఫోన్ తీసి ఇక్కడి అత్యవసర నంబరు 911 నొక్కింది, మళ్ళీ మళ్ళీ నొక్కింది. బయటి లైను రావాలంటే ముందు ఇంకో 9 నొక్కాలని ఆ పిల్లకి తెలియదు. తల్లి బతకలేదు. దానిమీద 2018లో చట్టం చేశారు. 2020 ఫిబ్రవరి తర్వాత పెట్టే కొత్త ఆఫీసు, హోటల్, క్యాంపస్ ఫోన్లలో నేరుగా 911 నొక్కితే వెళ్ళాల్సిందే. ఆ కథ విన్నాక, ఏ ల్యాబ్‌లోకి వెళ్ళినా గోడ మీద ఫోన్ దగ్గర గది నంబరు రాసి ఉందా లేదా అని చూడటం నాకు అలవాటైంది.

ఎందుకంటే మేం అడిగే మొదటి ప్రశ్న "ఎక్కడ?" ఏమైంది అన్నది తర్వాత. కాల్ మధ్యలో తెగిపోయినా, చోటు తెలిస్తే ఎవరినైనా పంపి ఏమైందో కనుక్కోవచ్చు. ఏమైందో తెలిసి చోటు తెలియకపోతే చేతులు ముడుచుకుని కూర్చోవాలి. సెల్‌ఫోన్ ఉందిగా, వాళ్ళకే కనపడుతుందిలే అనుకుంటారు. మాకు స్క్రీన్ మీద కనపడేది చాలాసార్లు ఒక వృత్తం. ఆ వృత్తంలో నాలుగు బిల్డింగులు, ఒక్కోదానికి మూడేసి అంతస్తులు ఉంటే ఎవరి తలుపు కొట్టాలి?

నేను ఇంకా ట్రైనీగా ఉన్నప్పటి ఒక కాల్ చెప్తాను. ఎవరూ గుర్తుపట్టకుండా కొన్ని వివరాలు మార్చాను.

డిసెంబరు, ఫైనల్ పరీక్షల వారం, అర్ధరాత్రి దాటింది. సిటీ 911 కేంద్రం నుంచి కాల్ బదిలీ అయి వచ్చింది. అప్పట్లో సెల్‌ఫోన్ ఏ టవర్‌ని పట్టుకుంటే ఆ టవర్‌కి కేటాయించిన కేంద్రానికి కాల్ వెళ్ళేది, అందుకని క్యాంపస్ అంచున ఉన్న గ్రాడ్యుయేట్ అపార్ట్‌మెంట్ల కాల్స్ తరచు సిటీకి పోయి మా దగ్గరికి వచ్చేవి. అవతల ఒక కుర్రాడు "మై రూమ్మేట్, మై రూమ్మేట్" అని తప్ప ఇంకేమీ అనలేకపోతున్నాడు. వెనకాల ఇంకో గొంతు అరుస్తోంది: "ఒరేయ్, తాళాలు పెట్టరా చేతిలో! తాళాలు!"

ఆ మాటతో నాకు విషయం తెలిసిపోయింది. ఫిట్స్. మా ట్రైనర్‌కి ఎంత అనుభవం ఉన్నా ఆ మాట నుంచి అది పట్టుకునే వీలు లేదు. ఫిట్స్ కావచ్చని స్క్రీన్ మీద టైప్ చేసి, ఆ భాష నాదేనన్నట్టు చేత్తో సైగ చేశాను. వేరే భాష అయితే ఫోన్లో దుబాసీని కలపాలన్నది నియమం, దానికి కొంత టైం పడుతుంది. ఆమె తల ఊపి, దుబాసీ లైను సంగతి తను చూసుకుంటూనే నన్ను మాట్లాడమంది.

"తమ్ముడూ, నేనూ తెలుగే. ముందు మీరు ఎక్కడున్నారో చెప్పు."

"అక్కా... అక్కా, ఇండియన్ స్టోర్ వెనకాల అక్కా. బస్టాప్ ఎదురుగా."

మనం అడ్రసు చెప్పేది అలాగే కదా. రామాలయం పక్క సందు, వాటర్ ట్యాంక్ ఎదురుగా. నరసరావుపేటలో అయితే ఆటో సరిగ్గా ఇంటి ముందు ఆగుతుంది. ఇక్కడ ఆ స్టోర్ వెనకాల ఒకేలా ఉండే బిల్డింగులు వరసగా ఉన్నాయి. బిల్డింగ్ నంబరు అడిగితే ఆ కుర్రాడికి గుర్తురాలేదు. ఆ స్థితిలో ఎవరికీ గుర్తురాదు.

"ఇంట్లో అమెజాన్ డబ్బా ఏదైనా ఉందా? దానిమీద అడ్రసు చదువు."

ఉంది. చదివాడు. నేను టైప్ చేస్తుండగానే ట్రైనర్ రేడియోలో ఆఫీసర్‌ని పంపింది, రెండో చేత్తో ఫైర్ డిపార్ట్‌మెంట్‌ని అంబులెన్స్ అడిగింది.

"ఇప్పుడు విను. చేతిలో తాళాలు తీసెయ్యండి. నోట్లో చెంచా, గుడ్డ, ఏమీ పెట్టొద్దు. గట్టిగా అదిమి పట్టుకోవద్దు. పక్కనున్న టేబుల్, కుర్చీ దూరంగా జరపండి. తల కింద ఏదైనా మెత్తగా మడిచి పెట్టండి. ఎప్పుడు మొదలైంది?"

"తెలీదక్కా. అన్నకి ఫోన్ చేశాం కదా, అంతకుముందే."

ఏ అన్న? డల్లాస్‌లో ఉండే సీనియర్. ముందు ఆయనకి చేశారు, ఎత్తలేదు. తర్వాత న్యూజెర్సీలో ఇంకో సీనియర్‌కి చేస్తే, ఆయన తాళాలు పెట్టమని, 911కి చేస్తే బిల్లు పగిలిపోతుందని, కాసేపు చూడమని చెప్పాడు. వాళ్ళు చూశారు. తగ్గకపోతే మాకు చేశారు.

"డల్లాస్ అన్నకి ఏ టైముకి చేశావో ఫోన్లో చూసి చెప్పు."

చెప్పాడు. అయిదు నిమిషాలు దాటిపోయింది. ఫిట్స్ అయిదు నిమిషాలు దాటితే అది ప్రాణం మీదకొచ్చే పరిస్థితి, అందుకే ఆ టైం అంత ముఖ్యం. దారిలో ఉన్న అంబులెన్స్ వాళ్ళకి ఆ మాట వెంటనే వెళ్ళింది. కాసేపటికి కొట్టుకోవడం ఆగిందన్నాడు. పక్కకి తిప్పి పడుకోబెట్టించాను, ఛాతీ లేస్తూ పడుతూ ఉందా అని అడుగుతూనే ఉన్నాను. ఒకణ్ణి కిందికి వెళ్ళి మెయిన్ డోర్ తెరిచి పట్టుకోమన్నాను. ఆఫీసర్ గొంతు ఫోన్లో వినపడింది, నేను పెట్టేశాను. ఆ వెంటనే వచ్చిన కాల్ గది తాళం మర్చిపోయిన అమ్మాయిది.

ఆ అబ్బాయి ఏమయ్యాడో నాకు తెలియదు. ఈ ఉద్యోగంలో టెన్షన్ అంటే నా దృష్టిలో ఇదే. కాల్ నడుస్తున్నప్పుడు చేతినిండా పని ఉంటుంది, భయపడే తీరిక ఉండదు. ముగింపు తెలియకపోవడాన్ని మోయాలి. ఆఫీసర్ తిరిగొచ్చి చెప్తే చెప్పినట్టు, ఆస్పత్రి వాళ్ళు మాత్రం మాకేమీ చెప్పరు.

ఇక్కడ మీరు అడగని మాట ఒకటి గట్టిగా చెప్పాలి. మన పిల్లలు 911కి చేసేముందు ఇంకో రాష్ట్రంలో ఉన్న అన్నకి చేస్తారు. నూటికి తొంభై కేసుల్లో ఇదే జరుగుతుందని నా నమ్మకం. పోలీసులు వస్తే వీసా పోతుందని ఎవరో వాళ్ళ బుర్రలో ఎక్కించారు. రూమ్మేట్ పడిపోయాడని ఫోన్ చేసినందుకు ఎవరి వీసా పోదు. అంబులెన్స్ బిల్లు పెద్దదే, కాదనను. ఆ బాధ నిజం, ఈ దేశం సిగ్గుపడాల్సిన విషయం కూడా. కానీ విద్యార్థుల ఇన్సూరెన్స్ అందుకే కదా కట్టించుకునేది. ఆ పాలసీలో అంబులెన్స్ గురించి ఏం రాశారో దిగిన వారంలోనే చదవండి. సీనియర్లకూ ఒక మాట: అర్ధరాత్రి అలాంటి ఫోన్ వస్తే మీ సలహా ఒక్కటే ఉండాలి. "నాతో మాట్లాడటం ఆపి 911కి చెయ్యి."

తల్లిదండ్రుల కాల్స్ మరో రకం. మాకు అర్ధరాత్రి అయితే విజయవాడలో పగలు. అబ్బాయి నిన్నటి నుంచి ఫోన్ ఎత్తడంలేదని అమ్మ కంగారుపడుతుంది. ఇండియా నుంచి 911 నొక్కితే ఇక్కడికి రాదు. క్యాంపస్ పోలీసులకి పది అంకెల మామూలు నంబరు ఒకటి ఉంటుంది, యూనివర్సిటీ సైట్‌లోనే దొరుకుతుంది. ముందు +1 కలిపి, పిల్లల అడ్రసుతో సహా రాసి ఫ్రిజ్ మీద అంటించుకోండి. ఆ నంబరుకి చేసి, మా అబ్బాయి క్షేమంగా ఉన్నాడో లేదో చూడమంటే ఆఫీసర్ వెళ్ళి తలుపు కొడతాడు. అది మా పనిలో భాగం, అడగడానికి మొహమాటం అక్కర్లేదు.

ఇంకొకటి. ర్యాంకింగులు చూసి యూనివర్సిటీ ఎంచుకుంటారు గానీ అక్కడి భద్రతా నివేదిక ఎవరూ తెరవరు. 1986లో పెన్సిల్వేనియాలోని లీహై యూనివర్సిటీ హాస్టల్ గదిలో జీన్ క్లెరీ అనే విద్యార్థిని హత్యకి గురైంది. ఆమె తల్లిదండ్రుల పోరాటం వల్ల 1990లో చట్టం వచ్చింది. దాని ప్రకారం కాలేజీలు ఏటా అక్టోబరు 1 లోపు నేరాల లెక్కలతో నివేదిక బయటపెట్టాలి. కన్సల్టెన్సీకి లక్షలు కట్టేముందు అదొక్కటి చదవండి.

మా కష్టం కూడా ఒకటి చెప్పుకోనివ్వండి. అమెరికా ప్రభుత్వం చేసే ఉద్యోగాల వర్గీకరణలో డిస్పాచర్లని ఆఫీసు గుమాస్తాల జాబితాలో పెట్టారు. పోలీసు, ఫైర్ వాళ్ళున్న జాబితాలోకి మార్చాలని ఇక్కడి పార్లమెంటు అయిన కాంగ్రెస్‌లో బిల్లు పెడుతూ వస్తున్నారు. ఛాతీ నొక్కుతూ సీపీఆర్ చెయ్యమని ఫోన్లో నిమిషానికి నూరు, నూట ఇరవై చొప్పున లెక్కపెట్టి చెప్పే మనిషిని టైపిస్టు కింద లెక్కేయడం నాకు మింగుడుపడదు.

మీరు చేరొచ్చా అంటే: విద్యార్థులకిచ్చే ఎఫ్-1 వీసా మీద సెమిస్టర్ నడిచేటప్పుడు క్యాంపస్‌లో వారానికి 20 గంటలే పని చేయొచ్చు. కొన్ని శాఖలు విద్యార్థులని తీసుకుంటాయి, కొన్ని పూర్తికాలం ఉద్యోగులనే తీసుకుంటాయి. పోలీసు రికార్డుల కంప్యూటర్ ముట్టుకోవాలంటే బ్యాక్‌గ్రౌండ్ చెక్ దాటాలి, దేశానికి కొత్తగా వచ్చినవాళ్ళ విషయంలో ఏం చేస్తారో శాఖనే అడగండి. ఇంగ్లీషు యాస గురించి బెంగపడకండి. నిదానంగా, స్పష్టంగా మాట్లాడితే రేడియోలో అందరికీ అర్థమవుతుంది.

దరఖాస్తు పెట్టేముందు ఒక షిఫ్టు పక్కన కూర్చుని చూడనివ్వమని అడగండి, చాలాచోట్ల ఒప్పుకుంటారు. అడిగేటప్పుడు శుక్రవారం రాత్రి షిఫ్టే అడగండి, మంగళవారం పొద్దున కూర్చుంటే మీకేమీ తెలియదు. స్వెట్టర్ తీసుకెళ్ళండి, కంప్యూటర్ల కోసం ఆ గదిలో ఏసీ చలికాలంలో కూడా ఆపరు.