పదహారు దాటితే పెద్ద కోర్టేనా?

ప్రశ్న: మా అక్క కొడుకు ఇంటర్ చదువుతున్నాడు. వయసు 16 ఏళ్ల 5 నెలలు. తెలిసినవాళ్లు రమ్మంటే కారులో వెళ్లాడు. డిక్కీలో 24 కిలోల గంజాయి దొరికింది. వీణ్ని కూడా పెద్దవాళ్లలాగే విచారించి పదేళ్లు జైల్లో వేస్తారని అందరూ అంటున్నారు. నిజమేనా?
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: అలా జరిగే వీలుంది, కానీ దానంతటది జరగదు. మధ్యలో ఒక మెట్టుంది. మీరు గట్టిగా నిలబడాల్సింది అక్కడే.

2015 బాలల న్యాయ చట్టం ప్రకారం, నేరం జరిగిన రోజుకు 16 నిండి 18 నిండనివాడి మీద ‘ఘోర నేరం’ మోపితేనే ఈ ప్రశ్న వస్తుంది. ఘోర నేరమంటే కనీస శిక్ష 7 ఏళ్లు, ఆపైన ఉన్నది. గంజాయి 20 కిలోలు దాటితే కనీసం 10 ఏళ్లు. 20 లోపైతే కనీస శిక్ష లేదు, కేసు పిల్లల కేసులు చూసే జువైనల్ బోర్డు దగ్గరే తేలుతుంది. అందుకే ముందు తూకం చూడండి. చట్టం గంజాయి అనేది పూత, కాయ ఉన్న కొసలను. కొసలు లేకుండా విడిగా ఉన్న ఆకు, గింజలు లెక్కలోకి రావు. సంచులతో కలిపి తూచారా, ఆకు విడిగా ఉందా అన్నది పంచనామాలో, మేజిస్ట్రేటు ముందు తీసిన శాంపిళ్ల కాగితాల్లో వకీలుతో చదివించండి. 4 కిలోలు తగ్గితే కేసు స్వభావమే మారిపోతుంది.

తర్వాత వయసు. బళ్లో వేసేటప్పుడు వయసు పెంచి రాయించిన ఇళ్లు మనవైపు చాలా ఉన్నాయి. మీవాడికి 16 దాటి 5 నెలలే కాబట్టి ఇది కీలకం. బోర్డు ముందు చూసేది స్కూలు సర్టిఫికెట్ లేదా టెన్త్ మెమో. అవి లేకపోతేనే కార్పొరేషన్ జనన ధ్రువపత్రం, అదీ లేకపోతే వైద్య పరీక్ష. ఆధార్ ఈ వరుసలో లేదు. మెమోలో తేదీ తప్పయితే పుట్టిన ఆసుపత్రి రికార్డుతో సహా మొదటి వాయిదాల్లోనే పెట్టండి. మెమోను కాదనిపించడం కష్టమే. ఆలస్యం చేస్తే ఇంకా కష్టం.

బెయిల్ అడగడానికి వెనకాడొద్దు. గంజాయి కేసైనా పిల్లవాడికి బాలల చట్టంలోని బెయిలే వర్తిస్తుంది. నేరస్తుల సావాసంలో పడతాడని, వాడికే ప్రమాదమని, న్యాయానికి భంగమని తోస్తేనే బోర్డు కాదంటుంది. ఆ కారు వాళ్లకు దూరంగా ఏ బంధువు ఇంట్లో ఉంచుతారో, ఏ కాలేజీకి పంపుతారో రాసివ్వండి.

ఇక ఆ మెట్టు. పెద్దవాడిగా విచారణకు పంపాలా వద్దా అని బోర్డు చేసే ప్రాథమిక అంచనా ఇది. బోర్డు ముందు మొదటిసారి హాజరుపరిచిన నాటి నుంచి 3 నెలల్లో దీన్ని ముగించాలి. నేరం చేయగల మానసిక, శారీరక శక్తి, పర్యవసానాలు గ్రహించే తెలివిడి, నేరం జరిగిన పరిస్థితులు చూస్తారు. ఇది విచారణ కాదు. అక్కడ ‘మావాడు నిర్దోషి’ అని వాదించి ఊరుకోవడం తరచూ జరిగే తప్పు. బోర్డులో పిల్లల మనస్తత్వశాస్త్రం చదివినవారు లేకపోతే నిపుణుల సాయం తీసుకోవాల్సిందేనని సుప్రీంకోర్టు 2022లో చెప్పింది. ఆ నివేదిక నకలు అడగండి. ‘తెలివితేటలు మామూలే, మంచిచెడ్డలు తెలుసు’ అన్న రెండు ముక్కలతో సరిపెడితే అభ్యంతరం చెప్పించండి. దొరికిపోతానని తెలియడం వేరు, తన జీవితం, కుటుంబం ఏమవుతాయో గ్రహించడం వేరు. ఇంటి పరిస్థితులు ఆరా తీసే ప్రొబేషన్ ఆఫీసర్ ఇంటికొచ్చినప్పుడు పరువుకోసం ఇంటి ఇబ్బందులు దాచొద్దు. పిల్లవాడి పరిస్థితులు రికార్డుకెక్కేది ఆ ఆఫీసర్ రాసే నివేదికలోనే.

ఉత్తర్వు వ్యతిరేకంగా వస్తే 30 రోజుల్లో సెషన్స్ కోర్టుకు అప్పీలు చేయాలి. కేసు బోర్డు నుంచి బాలల కోర్టుకు వెళ్లాక కూడా పెద్దవాడిగా విచారించాలా వద్దా అన్నది ఆ కోర్టు మళ్లీ తేల్చాలి. శిక్ష పడినా 21 నిండేదాకా జైలుకు పంపరు. ఆ తర్వాత మార్పు చూసి విడుదల చేయొచ్చు, మిగిలిన శిక్షకు జైలుకూ పంపొచ్చు. బోర్డే తేలిస్తే మాత్రం గరిష్ఠంగా 3 ఏళ్లు ప్రత్యేక గృహం, శిక్ష మచ్చ భవిష్యత్తుకు అడ్డురాదు. తేడా ఇంత ఉంది గనుకే ఈ 3 నెలలు అంత ముఖ్యం. వకీలును పెట్టుకోలేకపోతే జిల్లా న్యాయసేవాధికార సంస్థను అడగండి, 15100కి ఫోన్ చేయండి. పిల్లలకు ఆదాయ పరిమితి లేదు.

ప్రశ్న: కుర్రాళ్ల గొడవలో మా 17 ఏళ్ల అబ్బాయి మీద హత్యాయత్నం కేసు పెట్టారు. వాడి ఫొటో వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతోంది.
– ఒక తండ్రి, విజయవాడ

జవాబు: హత్యాయత్నానికి కనీస శిక్ష లేదు. అలాంటివి ఘోర నేరాలు కావని సుప్రీంకోర్టు 2020లోనే తేల్చింది. కేసు బోర్డు దాటదు. ఫొటో, పేరు, స్కూలు బయటపెడితే 6 నెలల వరకు జైలు లేదా 2 లక్షల వరకు జరిమానా, రెండూ పడొచ్చు. స్క్రీన్‌షాట్లు తీసి, ఎవరు పంపారో రాసి బోర్డుకు ఇవ్వండి. ఒకవేళ గాయపడిన అబ్బాయి చనిపోతే సెక్షన్ హత్యగా మారుతుంది. అప్పుడు పైన చెప్పిన అంచనా మీ అబ్బాయికీ తప్పదు.