దడి దూకే గుర్రం: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: మాకు ఐదేళ్ళ కఠియావాడీ (గుజరాత్ జాతి) ఆడగుర్రం ఉంది. పెళ్ళి ఊరేగింపులకు పంపుతాం, మిగతా రోజుల్లో 80 సెంట్ల చెక్కలో వదిలేస్తాం. చుట్టూ నాలుగడుగుల సరుగుడు దడి, పైన ఒక వరస ముళ్ళతీగ. ఈ నెలలో నాలుగుసార్లు దూకింది, ఒకసారి హైవే దాకా వెళ్ళిపోయింది. దడి ఎంత ఎత్తు పెంచాలి? (ఆనందపురం)

జవాబు: ఎత్తు సంగతి చెప్తాం. దానికన్నా ముందు ఆ ముళ్ళతీగ ఈరోజే విప్పేయండి. గుర్రానికి మోకాలి కింద కండ ఉండదు. తోలు, నరాలు, ఎముక, అంతే. అక్కడ చీరుకుంటే పుండు మీద దుర్మాంసం పెరిగి నెలల తరబడి మానదు. ధనుర్వాతం కూడా గుర్రాలకు చాలా తేలిగ్గా సోకుతుంది. ఈ ఏడాది టీటీ సూది పడిందో లేదో చూసుకోండి.

తర్వాత అది దూకిన చోట నేల చూడండి. దడికి నాలుగైదు అడుగుల ఇవతల వెనక గిట్టలు రెండూ పక్కపక్కనే లోతుగా దిగి ఉంటాయి. అక్కడ నేల మెరకగా ఉన్నా, పేడకుప్ప ఉన్నా, మీ నాలుగడుగుల దడి దానికి మూడడుగులే. ముందు ఆ మెరక తవ్వించి, కుప్ప తీయించండి.

దడి వెంబడి గడ్డి చచ్చి కాలిబాట పడిందా? తోడు లేక పచార్లు చేస్తోందన్నమాట. గుర్రం మందలో బతికే జంతువు. ఒంటరిగా ఉంచితే ఎంత ఎత్తు కట్టినా దారి వెతుకుతుంది. ఇంకో గుర్రమైతే మేలు, కుదరకపోతే గాడిదో మేకో సరే. చెక్కలో గడ్డి మొదళ్ళదాకా కొరికేసి ఉంటే మాత్రం అది ఆకలి. 350 కిలోల గుర్రానికి రోజుకు 5 నుంచి 7 కిలోల ఎండుమేత కావాలి, అదీ ఒక్కసారి కాదు, మూడు నాలుగు విడతలుగా. ఊరేగింపు లేని రోజుల్లో ఉలవల దాణా తగ్గించి మేత పెంచండి. పనిలేని ఒంట్లో ఆ బలం దూకుడుగానే బయటికొస్తుంది. దూకిన తేదీలు కూడా రాసిపెట్టుకోండి. ఇంచుమించు 21 రోజులకోసారి వరసగా ఐదారు రోజులు గోల చేస్తుంటే ఎదకు వస్తోందని అర్థం. ఆ రోజుల్లో శాలలోనే ఉంచండి.

ఇక దడి. కఠియావాడీ మూపు ఎత్తు సుమారు 4 అడుగుల 10 అంగుళాలు. దూకడం మరిగిన గుర్రానికి నేల మీద 5.5 అడుగులైనా ఉండాలి. 8 అడుగుల స్తంభం తీసుకుని 2.5 అడుగులు పాతండి. ఇసుక నేలైతే 8.5 అడుగులది తీసుకుని 3 అడుగులు దించండి. ఎనిమిది అడుగులకొకటి చొప్పున, మీ 80 సెంట్ల చెక్క చదరంగా ఉంటే 94 స్తంభాలు పడతాయి. సరుగుడు కర్రయితే మట్టిలో దిగే భాగానికి తారు పూయండి, లేకపోతే చెదపురుగు వదలదు. దూకిన వైపు ఒక్కటే పెంచి ఊరుకుంటే లాభం లేదు, మర్నాడు పల్లంగా ఉన్న ఇంకో వైపు చూసుకుంటుంది.

పై వరస కంటికి ఆనాలి. సన్నతీగ గుర్రానికి దూరం నుంచి కనబడదు. 40 మిల్లీమీటర్ల వెడల్పున్న తెల్లటి కరెంటు పట్టీ పైన ఒకటి కట్టి, మూడున్నర అడుగుల ఎత్తులో లోపలివైపు అడుగు దూరం జరిపి ఇంకొకటి లాగండి. దడికి ఛాతీ ఆనించి బేరీజు వేసుకునే అలవాటు దీంతో పోతుంది. దీనికి సోలార్ ఝట్కా మెషీనే వాడాలి. ఇంటి కరెంటు నేరుగా తగిలించడం నేరం, మనుషుల ప్రాణాలు పోతాయి. మెషీన్ సెకనుకోసారి క్షణంపాటు కొట్టి ఆగుతుంది. పట్టీ చివర ఝట్కా దడి వోల్టులు కొలిచే టెస్టర్ పెడితే 3,000 వోల్టులకు తగ్గకూడదు. తగ్గిందంటే చాలాసార్లు తప్పు ఎర్తింగ్‌దే. ఆరడుగుల రాడ్లు మూడు, పదేసి అడుగుల దూరంలో దించి, మే నెలలో వాటి మొదట్లో నీళ్ళు పోస్తుండండి. మన సముద్రపు గాలికి ఇన్సులేటర్ల మీద ఉప్పుపొర కట్టి కరెంటు కారిపోతుంది, అప్పుడప్పుడు మంచినీళ్ళతో కడగాలి. పట్టీకి తగిలే గడ్డి కోసేయాలి. మొదటిసారి పగటిపూట, పగ్గం పట్టుకుని, దడి చుట్టూ నడిపించి చూపించండి.

ఇంకొకటి. పారిపోయిన చోట దాణా బక్కెట్టు చూపించి పట్టుకోవచ్చు, తినడం మాత్రం చెక్కలోకి వచ్చాకే.

ప్రశ్న: ముందుకాళ్ళకు బంధం వేసి, మెడకు గుదికర్ర కట్టమంటున్నారు. కట్టొచ్చా? (భీమిలి)

జవాబు: వద్దు. గుదికర్ర నెమ్మదిగా నడిచే ఆవుకు సరిపోతుంది. గుర్రం బెదిరితే పరుగే తీస్తుంది, ఆ కర్ర ప్రతి అంగకూ ముందుకాళ్ళ ఎముకలకు కొడుతుంది. బంధమూ అంతే. దూకేటప్పుడు గుర్రం ముందుకాళ్ళు రెండూ దాదాపు కలిపే లేపుతుంది, కాబట్టి బంధం దాన్ని ఆపదు. దిగేటప్పుడు ఒక కాలు ముందు, ఒకటి వెనక వేయాలి. అది కుదరక బోర్లాపడి మెడ విరుగుతుంది.

ప్రశ్న: రెండున్నరేళ్ళ మగగుర్రం. పక్కతోటలో ఆడగుర్రాలు కనబడితే ఆగట్లేదు. (తగరపువలస)

జవాబు: సంతానానికి ఉంచుకోదలచకపోతే పశువైద్యుడితో బీజాలు తీయించండి. ఈగలు తక్కువగా ఉండే డిసెంబరు, జనవరి మంచివి. టీటీ ముందే వేయించాలి. మర్నాటి నుంచి డాక్టరు చెప్పినంతసేపు నడిపించాలి, నిలబెట్టేస్తే వాపు ఎక్కుతుంది. ఆపరేషన్ తర్వాత కూడా నెలన్నర దాకా ఆడగుర్రాల దగ్గరికి వదలొద్దు, వాటికి చూలు నిలిచే అవకాశం అప్పటిదాకా ఉంటుంది. ఈలోగా ఆ తోటవైపు ఆరడుగుల దడి, దానికి పదడుగుల లోపల ఇంకో దడి వేసి, మూతులు కలవకుండా చూడండి.