అమ్మేద్దామనుకున్న రివాల్వర్

ప్రశ్న: టెక్సస్‌లో ఉంటున్నాను. నా .38 స్పెషల్ అయిదు గుళ్ల రివాల్వర్ బరువు 15 ఔన్సులే. పేలిస్తే అరచెయ్యి మండుతోంది, గుళ్లు కిందికీ ఎడమకీ పోతున్నాయి. అమ్మేయమంటారా?

జవాబు: తొందరపడకండి. తుపాకీ బరువు పౌను లోపే, ట్రిగ్గర్ లాగడానికి మాత్రం దాదాపు 12 పౌన్ల బలం కావాలి. మీది కుడిచేతి వాటమైతే, ఆ లాగుడుకే గొట్టం ఎడమకి తిరుగుతుంది. కిందికి పోవడం, తుపాకీ వెనక్కి తన్నే దెబ్బకి ముందే బెదిరి చెయ్యి వంచడం వల్ల.

ముందు పిడి మార్చండి. వెనక లోహాన్ని పూర్తిగా కప్పి, చిటికెన వేలికీ చోటిచ్చే రబ్బరు పిడి మంట బాగా తగ్గిస్తుంది. ఎక్కువ ఒత్తిడితో పేలే +పి గుళ్లు పక్కనపెట్టి, 148 గ్రెయిన్ల బరువుండే వాడ్‌కట్టర్లు, అంటే మెత్తగా పేలే సాధన గుళ్లు, వాడండి. వాటి ముక్కు చదును కనుక త్వరగా నింపడం కష్టం. సాధనకి అదేం లోటు కాదు.

ఇంట్లో రోజూ పది నిమిషాలు ఖాళీ ట్రిగ్గర్ సాధన చేయండి. గుళ్లు పట్టే సిలిండర్‌లోని అయిదు అరలూ ఖాళీయేనని రెండుసార్లు చూసి, అసలు గుళ్లు వేరే గదిలో పెట్టి, డమ్మీలు (మందు లేని ఉత్తుత్తి గుళ్లు) వేసి, గుండు ఆగేంత గట్టి గోడవైపే గురిపెట్టాలి. గొట్టం కొసన గురి చూసే ముక్క (ముందు సైటు) కదలకుండా, మధ్యలో ఆగకుండా ట్రిగ్గర్ లాగాలి.

కాల్పుల రేంజిలో 3 గజాల నుంచి మొదలుపెట్టండి. మూడు అసలు గుళ్లతో రెండు డమ్మీలు కలిపి, వరస చూడకుండా నింపండి. డమ్మీ మీద గొట్టం వంగిందంటే బెదురు ఇంకా పోలేదన్నమాట. 30 గుళ్లు దాటితే చెయ్యి అలిసి పాత అలవాటే వస్తుంది, ఆపేయండి.