బావగారిది ఆఫీసు, మావారిది చెరువుగట్టు

ప్రశ్న: మాది పశ్చిమ గోదావరి జిల్లా. నాకు 34 ఏళ్ళు. మావారు ముత్తుకూరు మత్స్య కళాశాలలో బీఎఫ్‌ఎస్‌సీ చదివి, రొయ్యల మేత కంపెనీ తరఫున చెరువులకు టెక్నీషియన్‌గా పనిచేస్తున్నారు. మా అక్క భర్త అమెరికాలో సాఫ్ట్‌వేర్ ఇంజినీరు. పుట్టింట్లో నలుగురు కలిస్తే బావగారి ఉద్యోగం గురించే మాటలు. నాన్న పెద్దల్లుణ్ణి కంపెనీ పేరుతో సహా పరిచయం చేస్తారు. మావారి దగ్గరకు వచ్చేసరికి ‘ఈయన ఇక్కడే, ఏదో రొయ్యల్లో’ అంటారు. పోయినసారి బావగారు అందరి ముందూ ‘తమ్ముడికంటే ముందు వాసన వస్తుంది’ అన్నారు. అందరూ నవ్వారు. మావారూ నవ్వారు. అప్పటి నుంచి ఆయన మా పుట్టింటి గడప తొక్కడం లేదు. నిజానికి ఆయన కూలీల్లా బురదలో దిగే మనిషి కాదు, చదువుకున్నవారు. మా నాన్న కూడా నాలుగెకరాలు చెరువులకే లీజుకిచ్చి, ఆ డబ్బుతోనే మేడ కట్టారు. అయినా ఆ పనంటే చులకన. ఎనిమిదేళ్ళ మా బాబు ‘నాన్న పెద్దనాన్నలా ఆఫీసుకు ఎందుకు వెళ్ళరు’ అని అడుగుతున్నాడు. ఇరుగుపొరుగు అడిగితే నేను ‘ఎక్స్‌పోర్ట్ కంపెనీలో మేనేజర్’ అని చెబుతున్నాను. ఇప్పుడు సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలూ ఊడుతున్నాయి కదా, ఆ మాట బావగారి మొహానే అనెయ్యాలని నోటిదాకా వస్తోంది. వచ్చే నెల నాన్నకు డెబ్బయ్యో ఏట జరిపే భీమరథ శాంతి చేస్తున్నారు. బావగారికి నాన్న స్వయంగా అమెరికాకు ఫోను చేసి పిలిచారు. నాతో మాత్రం ‘మీరూ వచ్చేయండి’ అన్నారు. మావారు రానంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: మీ ఉత్తరంలో నేను ఎక్కువసేపు ఆగింది ‘మావారూ నవ్వారు’ అన్న చోట. అత్తవారింట్లో అల్లుడి అలకకు మన దగ్గర పెద్ద సంప్రదాయమే ఉంది. పండక్కి అలుగుతాడు, బతిమాలతారు, బండో ఉంగరమో ఇస్తారు, అందరూ ముచ్చటపడతారు. నిజంగా మనసు నొచ్చుకున్న అల్లుడికి మాత్రం అక్కడ ఏ దారీ లేదు. లేచి వెళ్ళిపోతే ‘చిన్న మాటకే అలిగాడు’ అంటారు. కూర్చుంటే ఇంకో మాట పడుతుంది. అందుకని నవ్వుతాడు, తరువాత రావడం మానేస్తాడు. మీవారు చేసింది అదే. ఆయన రాకపోవడాన్ని మొండితనంగా చూడకండి. మీ పుట్టింటివారికి ఆయన చెప్పగలిగిన మాట అదొక్కటే.

వాసన సంగతి కొంచెం మాట్లాడుకుందాం. చెరువు పనికి వాసన ఉంటుంది, కాదనక్కర్లేదు. మేతలో చేపల పొడి కలుస్తుంది, అది చేతులకూ చొక్కాకూ పట్టుకుంటుంది. స్నానం చేస్తే పోతుంది. అయితే ఆ హాస్యానికి అంత నవ్వు రావడానికి చేపల పొడి ఒక్కటే కారణం కాదు. చేపలు పట్టడం, తోలు పని, బట్టలుతకడం, క్షవరం వంటి పనులన్నిటినీ కులాలకు కట్టేసి, ఆ మనుషులను దూరంగా కూర్చోబెట్టిన సమాజం మనది. ఆ పనుల్లోకి ఇప్పుడు రకరకాల కులాలవాళ్ళు వచ్చారు, వాటికి డిగ్రీలు వచ్చాయి, కంపెనీలు వచ్చాయి. ముక్కు మూసుకునే అలవాటు మాత్రం పాతదే. బావగారిని అడిగితే ‘సరదాకి అన్నాను’ అంటారు. సరదాకే అని ఉంటారు. ఆలోచించకుండా నోటికి వచ్చే సరదాల్లోనే ఇలాంటివి తరాల తరబడి బతుకుతాయి.

ఇక మీ నాన్నగారు. చెరువు మీద వచ్చే లీజు డబ్బుకు వాసన లేదు, ఆ చెరువు పక్కన నిలబడ్డ అల్లుడికి ఉంది! మీ జిల్లాలో ఇది ఆయన ఒక్కరి తీరు కాదు. చెరువుకు యజమాని అయితే ‘ఆక్వా రైతు’, మర్యాద. అక్కడ జీతానికి పనిచేస్తే ‘ఏదో రొయ్యల్లో’. అంటే ఆయన తక్కువగా చూస్తున్నది రంగాన్ని కాదు, చేతులు తడవడాన్ని.

ఈ చివరి మాట మీ మీదకూ వస్తుంది, కొంచెం కటువుగా ఉన్నా వినండి. ‘కూలీల్లా బురదలో దిగే మనిషి కాదు, చదువుకున్నవారు’ అని రాశారు. బావగారు మీవారిని ఏ మెట్టు మీద నుంచి చూస్తున్నారో, మీరు చెరువులో దిగి వల లాగేవాళ్ళను అదే మెట్టు మీద నుంచి చూస్తున్నారు. మెట్లు ఉండాలి, మావారిని మాత్రం ఒక మెట్టు పైన కూర్చోబెట్టండి అన్నట్టుంది మీ వాదన. ఆ వాదనతో మీరు గెలవలేరు. డిగ్రీల లెక్క మొదలుపెడితే బావగారి దగ్గర ఇంకా పెద్ద డిగ్రీ ఉంటుంది, డాలర్లు ఉంటాయి. పైగా పట్టుబడి రోజు, అంటే పెరిగిన రొయ్యలను పట్టే రోజు, తెల్లవారుజామున వల లాగే మనుషులు లేకపోతే మీవారి చదువు ఏ చెరువునూ ఒడ్డుకు చేర్చదు. ఆ సంగతి మీకన్నా మీవారికే బాగా తెలుసు. మీ ఆయన గౌరవం కోసం మీరు మాట్లాడాలి, తప్పకుండా మాట్లాడాలి. ఇంకొకరి వీపు మీద నిలబడి మాట్లాడకండి.

రెండోది, ‘ఎక్స్‌పోర్ట్ కంపెనీలో మేనేజర్’. ఈ మాట ఆయన చెవిన పడిందా? ఉత్తరంలో రాయలేదు. ఊరు చిన్నది, బాబు ఇంట్లో తిరుగుతుంటాడు, పడే ఉంటుందనే అనుకుంటున్నాను. బావగారి మాట ఏడాదికోసారి వినపడేది. ఇది రోజూ ఇంటి గుమ్మం దగ్గర వినపడేది. ఆయన మౌనంలో దీని వాటా ఎంతో కనుక్కోవాలి. రేపటి నుంచి ఎవరడిగినా ‘రొయ్యల చెరువులకు టెక్నీషియన్ అండీ’ అని ఉన్నది ఉన్నట్టు చెప్పండి. గొంతు పెంచక్కర్లేదు, వెంటనే డిగ్రీ పేరు తగిలించక్కర్లేదు. మొదటిసారి నాలుక తడబడుతుంది. తరువాత అలవాటైపోతుంది.

బాబు ప్రశ్నకు మీ దగ్గర జవాబు లేకపోవడానికి ఇంకో కారణం కనిపిస్తోంది. ఆయన పని ఏమిటో మీకూ పూర్తిగా తెలిసినట్టు లేదు. రాత్రి పూట నీటిలోని నాచు కూడా ఆక్సిజన్ తీసుకుంటుంది కాబట్టి, తెల్లవారే ముందు చెరువులో ఆక్సిజన్ బాగా పడిపోతుంది. మబ్బు పట్టిన రోజుల్లో మరీ. అది లీటరుకు 3 మిల్లీగ్రాముల కిందకు దిగితే రొయ్యలు ఇబ్బంది పడతాయి, ఇంకా పడిపోతే నీటి పైకి తేలడం మొదలవుతుంది. నీటిలోకి గాలి ఎక్కించే ఏరేటర్లు ఆగి, జనరేటరు సమయానికి అందుకోకపోతే మూడు నెలల పంట తెల్లారేసరికి పోవచ్చు. అర్ధరాత్రి మీ ఇంట్లో మోగే ఫోన్లు అవే. మేత ఎంత తిన్నాయో చూడటానికి చెరువులో ఉంచే చెక్‌ట్రే పైకి తీసి, మిగిలిన మేతనూ రొయ్య పేగు రంగునూ చూసి ఎంత మేత వెయ్యాలో చెప్పాలి. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో రొయ్యలు గుల్ల విడుస్తాయి కాబట్టి మేత తగ్గించమనాలి. తగ్గిస్తే ఎదుగుదల ఆగిపోతుందేమోనని రైతు భయపడతాడు. అతనికి నచ్చజెప్పాలి. నిషేధించిన యాంటీబయాటిక్ వాడదామని ఒత్తిడి వస్తే కాదనగలగాలి. దాని ఆనవాలు దొరికితే విదేశంలో సరుకును వెనక్కి తిప్పేస్తారు. మీ జిల్లా చెరువులను 1990ల్లో తెల్లమచ్చ వ్యాధి ఊడ్చేసింది. టైగర్ రొయ్యను నమ్ముకున్న కుటుంబాలు ఎలా చితికిపోయాయో మీ నాన్నగారి వయసువారికి బాగా గుర్తుండాలి. 2009లో వెనామీ అనే విదేశీ రొయ్య రకానికి అనుమతి వచ్చాక మళ్ళీ నిలదొక్కుకున్నారు. మీ నాన్నగారి మేడ వెనక ఇంత కథ ఉంది.

బాబుకు ఇదంతా పాఠంలా చెప్పకండి. ఒక ఆదివారం పొద్దున్నే తండ్రితో చెరువు దగ్గరకు పంపండి. చెక్‌ట్రే పైకి తీసినప్పుడు అందులో గంతులేసే రొయ్యలను చూస్తే, ఆఫీసు మాట వాడే మర్చిపోతాడు. తిరిగొచ్చాక కాళ్ళు కడుక్కోమనేటప్పుడు మొహం చిట్లించకండి, చాలు. అక్కడ పనిచేసే పెద్దవాళ్ళను వరసపెట్టి ‘మావయ్యా’ అనో ‘తాతా’ అనో పిలవమని కూడా చెప్పి పంపండి.

బావగారి ఉద్యోగం గురించి నోటిదాకా వచ్చిన ఆ మాట మింగెయ్యండి. మీ కోపం నాకు అర్థమైంది. ఆ వాక్యంలో కాస్త సంబరం కూడా వినిపించింది, అది నచ్చలేదు. ఆ దేశంలో హెచ్1బీ వీసా మీద ఉన్నవారికి ఉద్యోగం పోతే మామూలుగా 60 రోజులు గడువు. ఆలోగా ఇంకో ఉద్యోగమో ఇంకో వీసానో దొరక్కపోతే పెట్టె సర్దుకోవాలి. బావగారు ఆ వీసా మీద ఉన్నారో లేదో మీరు రాయలేదు. ఉంటే మాత్రం ఆ లెక్క పడుకునే ముందు రోజూ గుర్తొస్తుంది. మీ అక్క మీతో చెప్పుకోకపోవచ్చు. ఇంకో చిత్రం చూడండి. 2025 ఆగస్టు 27న అమెరికా మన సరుకుల మీద సుంకాన్ని 50 శాతానికి పెంచింది. మన రొయ్యలకు అతిపెద్ద కొనుగోలుదారు ఆ దేశమే, మీ జిల్లాలో చెరువుగట్ల మీద ధర పడిపోయి రైతులు గగ్గోలు పెట్టారు. నెల తిరక్కముందే, సెప్టెంబరు 19న, కొత్త హెచ్1బీ దరఖాస్తులకు లక్ష డాలర్ల రుసుము అన్నారు. ఒకే ఊరి నుంచి వచ్చిన రెండు ఉత్తర్వులు ఇద్దరు తోడల్లుళ్ళ పొయ్యి మీదా నీళ్ళు పోశాయి. ఆ ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోగలిగితే వాళ్ళకు చెప్పుకోవలసినది చాలానే ఉంది. మీరు ఎత్తిపొడిస్తే ఆ అవకాశం పోతుంది.

సాఫ్ట్‌వేర్‌కు మన ఇళ్ళలో వచ్చిన ఈ హోదా కూడా నిన్నమొన్నటిదే. హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ కంపెనీల కోసం సైబర్ టవర్స్ తెరిచింది 1998లో. అంతకుముందు పెళ్ళిచూపుల్లో బ్యాంకు ఉద్యోగి ముందు మిగతావాళ్ళు కుర్చీ అంచున కూర్చునేవారు. 2009 జనవరిలో సత్యం సాఫ్ట్‌వేర్ కంపెనీ లెక్కల బాగోతం బయటపడ్డాక, ‘గవర్నమెంటు ఉద్యోగమైతేనే చూడండి’ అని మధ్యవర్తులకు చెప్పిన తల్లిదండ్రులు ఎందరో. వాళ్ళే రెండేళ్ళు తిరక్కుండా మళ్ళీ మాట మార్చారు. మీ నాన్నగారి తరం ఇదంతా చూసినదే.

నాన్నగారితో ఫంక్షన్‌కు ముందే మాట్లాడండి. పదిమందిలో వద్దు, ఫోనులోనూ వద్దు. ఒక పూట వెళ్ళి, అమ్మను కూడా కూర్చోబెట్టుకుని చెప్పండి. పాత లెక్కలన్నీ తీయకండి, లీజు డబ్బు మాట అసలు ఎత్తకండి. ఎత్తారంటే చర్చ పొలం మీదకు మళ్ళి, అసలు సంగతి మరుగున పడుతుంది. ‘నాన్నా, బావగారిని నువ్వే ఫోను చేసి పిలిచావు. ఈయన్నీ నువ్వే పిలవాలి. ఎవరికైనా పరిచయం చేసేటప్పుడు ఈయన చేసే పని కూడా పేరు పెట్టి చెప్పు’ అనండి. ఈ రెండే అడగండి. డెబ్బై ఏళ్ళ మనిషి ఒక్క రోజులో మారడు కానీ, అల్లుణ్ణి స్వయంగా పిలవడం ఆయనకు తెలిసిన మర్యాదే. కొత్తగా నేర్చుకోవలసిన పని లేదు.

బావగారితో మీరు మాట్లాడవద్దు. అక్కతో చెప్పండి. ‘ఆ రోజు మాట ఈయనకు గుచ్చుకుంది, మళ్ళీ అనకుండా నువ్వు చూడు’ అంటే ఆవిడకు అర్థమవుతుంది. క్షమాపణ చెప్పించాలని పట్టుపట్టకండి. బలవంతపు క్షమాపణ ఇంకో నవ్వులాట అవుతుంది.

వీటన్నిటికన్నా ముందు మీవారితో ఒక మాట ఉంది. ‘పట్టించుకోకండి’ అని మాత్రం అనకండి, ఆ సలహా ఆయన తనకు తాను చెప్పుకునే ఉంటారు. ఆ రోజు మీరు మాట్లాడకుండా ఊరుకున్నారు కదా, ఆ సంగతే ముందు చెప్పండి. ఇరుగుపొరుగుతో అన్న ‘మేనేజర్’ మాట కూడా మీరే చెప్పండి. తరువాత ఆయన చెప్పేది వినండి. ఆయన ఇంట్లోనూ ముభావంగా ఉంటున్నా, నిద్ర సరిగా పట్టకపోతున్నా, పని మీదే విరక్తి పుట్టిందంటున్నా, తాగుడు మొదలైనా విషయం అత్తవారింటి మాటను దాటిందని అర్థం. అప్పుడు మానసిక వైద్యుణ్ణి కలవడం ఆలస్యం చేయకండి. ఫోనులో మాట్లాడాలనుకుంటే ప్రభుత్వ టెలిమానస్ నంబరు 14416 ఉంది, తెలుగులోనే మాట్లాడతారు.

మీ నాన్నగారు ఫోను చేస్తే, వెళ్ళాలా వద్దా అన్నది మీవారికే వదిలేయండి. ఆ వారంలో ఎవరి చెరువుదైనా పట్టుబడి ఉందేమో ముందే కనుక్కోండి. ఉంటే ఆయన రాలేకపోవడానికి అదే కారణమని ధైర్యంగా చెప్పవచ్చు. ఫోను రాకపోతే, ఆయన్ని ఒక్క మాట కూడా బలవంతపెట్టకుండా మీరూ బాబూ వెళ్ళి, మీ నాన్నగారి చేత అక్షింతలు వేయించుకుని, భోజనం చేసి సాయంత్రానికి వచ్చేయండి. అల్లుడు రాలేదేమని బంధువులు అడుగుతారు. ఒంట్లో బాగోలేదని అబద్ధం ఆడకండి. ‘నాన్న పిలవలేదండీ’ అని మామూలు గొంతుతో చెప్పండి, ఆయన పక్కనే ఉన్నా సరే.