ఆ దీవి ఊళ్ళో మా వాడికి భవిష్యత్తు ఉంటుందా?

ప్రశ్న: మాది విశాఖపట్నం. మా అబ్బాయి బీఎస్సీ జువాలజీ పూర్తి చేశాడు. రుషికొండలో స్కూబా నేర్చుకుని, అండమాన్ కూడా వెళ్ళొచ్చాడు. ఇప్పుడు ఇండోనేషియాలో పాపువా వైపు రాజా అంపత్ దీవుల్లో అర్బోరెక్ అనే ఊరికి వెళ్ళి, ఆ చుట్టుపక్కల ఏదో రిసార్టులో డైవ్‌మాస్టర్ (అతిథులను నీళ్ళ కిందకి తీసుకెళ్ళి చూపించేవాడు) ఇంటర్న్‌షిప్ చేసి అక్కడే స్థిరపడతానంటున్నాడు. రెండు లక్షలు అడుగుతున్నాడు. నేను ఎంబీఏ చెయ్యమంటున్నాను. వాళ్ళమ్మకు టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. ఏది మంచిదో పోల్చి చెప్పండి.

జవాబు: సార్, ఈ ప్రశ్న నాకు కొత్త కాదు. ఒకరికి బాలి, ఇంకొకరికి మాల్దీవులు, మీకు రాజా అంపత్. ఊరి పేరు మారుతుంది కానీ ప్రశ్న కింద ఉన్న భయం మాత్రం ఒక్కటే: వాడు వెళ్తే మళ్ళీ మన మనిషిగా తిరిగి వస్తాడా, ఈలోగా చుట్టాలకు ఏమని చెప్పుకోవాలి అని. పోలిక తర్వాత చేద్దాం, ముందు ఈ భయం సంగతి చూద్దాం.

అర్బోరెక్ మీరు ఊహించుకుంటున్నంత భయంకరమైన చోటు కాదు. జకార్తా నుంచి పాపువా తీరంలోని సోరోంగ్‌కు సుమారు నాలుగు గంటల విమానం, సోరోంగ్ నుంచి రాజా అంపత్ ముఖ్య పట్టణం వైసాయ్‌కి రెండు గంటల ఫెర్రీ, అక్కడినుంచి చిన్న పడవ మీద ఇంకో గంటో గంటన్నరో. చుట్టూ నడిచి రావడానికి ఎంతోసేపు పట్టనంత చిన్న దీవి. ఒక చర్చి, ఒక జెట్టీ, జెట్టీ కింద గుంపులు గుంపులుగా చేపలు, ఇళ్ళ ముందు కూర్చుని మొగలి జాతి ఆకులతో మాంటా రే అనే పెద్ద రెక్కల చేప ఆకారంలో టోపీలు అల్లే ఆడవాళ్ళు. ఊరివాళ్ళు అతిథుల్ని బాగానే చూసుకుంటారు. కరెంటు రోజంతా ఉంటుందన్న నమ్మకం లేదు. స్నానం బకెట్ నీళ్ళతో. భోజనం అన్నం, చేప, మన తూటికూరలాంటి ఆకుకూర, ఒక్కోసారి సాగో అనే తాటిజాతి చెట్టు బోదె నుంచి తీసే పిండిని మరిగే నీళ్ళతో కలిపి చేసే జిగురు ముద్ద, దాని మీదికి పసుపు వేసిన చేపల పులుసు. ఊళ్ళో ఏటీఎం ఉండదు, వైసాయ్‌లోనో సోరోంగ్‌లోనో నగదు తీసుకుని బయల్దేరాలి. ఒక్క విషయంలో మాత్రం మీ ఆవిడ భయం సరైనదే: పాపువా ప్రాంతంలో మలేరియా ఉంది. వెళ్ళేముందు డాక్టర్‌ని కలిసి మందుల సంగతి తేల్చుకోవాల్సిందే. మిగతా కష్టాలు ఇరవై రెండేళ్ళ కుర్రాడిని ఏమీ చెయ్యవు, పైగా కొంత మంచే చేస్తాయి.

ఇక భవిష్యత్తు. మీ అబ్బాయి ఫోన్లో చూసిన వీడియోల్లో ఉండనిది ఇదే. ఆ దీవుల్లో పిల్లలు పై చదువులకు వైసాయో సోరోంగో వెళ్ళాలి, చదువుకున్నాక చాలామంది అక్కడే ఉద్యోగం వెతుక్కుంటారు. సొంత ఊరి పిల్లలే బయటికి వెళ్ళి బతుకుతున్న చోట బయటి కుర్రాడు వచ్చి స్థిరపడటమంటే అతని దగ్గర ఆ ఊళ్ళో లేని పనితనం ఏదో ఉండాలి. హోమ్‌స్టేలు ఊరి కుటుంబాలవి. సముద్రం మీద వంశాలవారీగా ఆచారపు హక్కులున్నాయి. 'సాసి' అని, ఫలానా చోట ఇంతకాలం ఏదీ పట్టకూడదని ఊరంతా కలిసి కట్టడి పెట్టుకుంటారు. పడవ నడిపేది, ప్రవాహం ఎటు లాగుతుందో చెప్పేది ఆ ఊరి కుర్రాళ్ళే. వాళ్ళకు తెలిసినంత సముద్రం మీవాడికి పదేళ్ళయినా తెలియదు, ఆ పని వాళ్ళకే దక్కాలి కూడా.

రాజా అంపత్‌లోని కేప్ క్రీ అనే చోట ఒక్క డైవ్‌లోనే 374 రకాల చేపలు లెక్కపెట్టారు. అలాంటి నీళ్ళ మీద మనసు పడటం తప్పేమీ కాదు. నా అనుమానమంతా ఈ ఇంటర్న్‌షిప్ మీదే. రెండు లక్షలు ఎవరు ఎవరికి ఇస్తున్నారు సార్? మీరు వాళ్ళకి. పని చేసేది ఎవరు? మీవాడు. పొద్దున్నే కంప్రెసర్ దగ్గర గాలి సిలిండర్లు నింపాలి, పడవకు మోయాలి, సాయంత్రం వెట్‌సూట్లు (డైవింగ్ దుస్తులు) మంచినీళ్ళలో కడిగి ఆరేయాలి, మధ్యలో అతిథుల వెనకాల ఈదాలి. దీనికి జీతం ఉండదు, చాలాచోట్ల ఎదురు డబ్బు కట్టాలి. కోర్సు, కనీసం అరవై డైవులు పూర్తయితే డైవ్‌మాస్టర్ కార్డు వస్తుంది. ఆ కార్డున్న కుర్రాళ్ళు బాలి నుంచి థాయిలాండ్ దాకా ఎంతోమంది. ఇన్‌స్ట్రక్టర్ అయినా చాలామందికి నెలజీతం ఉండదు, విద్యార్థికింత అని కమిషనే. రాజా అంపత్‌లో జూలై, ఆగస్టుల్లో దక్షిణపు గాలి లేస్తే చాలా పడవలు ఇండోనేషియాలోనే ఉన్న కొమోడో దీవుల వైపు వెళ్ళిపోతాయి. చెవికి ఇన్‌ఫెక్షన్ వస్తే ఆ వారం సంపాదన లేదు. దీన్నంతా 'ఐలాండ్ లైఫ్' అనే రెండు మాటల్లో చుట్టి అమ్ముతున్నారు, మన పిల్లలు కొంటున్నారు. నాకు కోపం వచ్చేది అక్కడే.

2020లో కరోనాతో విదేశీ పర్యాటకులు ఒక్కసారిగా ఆగిపోయినప్పుడు ఆ దీవుల వాళ్ళకు వేటకు వెళ్ళే సముద్రం, తోటలు ఉన్నాయి. మీవాడికి అక్కడ ఏముంటుంది? పైగా సముద్రాన్ని పాడుచేస్తున్నాయంటూ నికెల్ గనుల మీద గొడవ. 2025 జూన్‌లో ప్రభుత్వం అక్కడ నాలుగు కంపెనీల అనుమతులు రద్దు చేసింది, గాగ్ దీవిలో కంపెనీని మాత్రం అలాగే ఉంచింది. సముద్రాన్ని నమ్ముకుని బతుకుదామనుకునేవాడు ఇవన్నీ చదవాలి.

చట్టం కూడా చూడండి. మనవాళ్ళకు అక్కడ దిగాక ఇచ్చే వీసా 30 రోజులు, ఒకసారి ఇంకో 30 రోజులు పొడిగించుకోవచ్చు. దాని మీద పని చెయ్యకూడదు. 'ఇంటర్న్‌షిప్పే కదా, జీతం లేదు కదా' అంటే ఇమిగ్రేషన్ వాళ్ళు ఒప్పుకోరు. పని చెయ్యాలంటే యజమాని అనుమతి తీసుకుని స్పాన్సర్ చెయ్యాలి, ఒక్కో విదేశీయుడికి నెలకు వంద డాలర్లు ప్రభుత్వానికి కట్టాలి. కొత్త డైవ్‌మాస్టర్ కోసం అంత ఎవరు కడతారు? అక్కడి స్నేహితుడి పేరు మీద స్థలం కొని హోమ్‌స్టే కడదామని ఎప్పుడైనా అన్నాడా? 1960 నాటి భూమి చట్టం ప్రకారం విదేశీయుడికి అక్కడ పూర్తి యాజమాన్య హక్కు రాదు. ఇంకొకరి పేరు మీద రాయించుకున్న కాగితం కోర్టులో నిలవదు.

ఇప్పుడు మీ సంగతి. కోప్పడకండి, కానీ చెప్పాలి. మీ ప్రశ్నలో ఎంబీఏ ఉంది, అది మీవాడికి ఇష్టమని ఒక్క ముక్క లేదు. జువాలజీ చదివి, సొంత ఇష్టంతో సముద్రంలోకి దిగిన పిల్లాణ్ణి ఏదో ఒక కాలేజీలో ఎంబీఏకి తోస్తే ఫీజు ఈ రెండు లక్షలను దాటిపోవచ్చు, రెండేళ్ళ తర్వాత వాడు ఇష్టంలేని సేల్స్ ఉద్యోగంలో ఉంటాడు. స్కూబాకు డబ్బు కట్టింది మీరే కదా? సరదాగా ఉన్నంతవరకూ బాగుంది, బతుకు అనేసరికి బాగోలేదా? ఇంకొకటి, వాళ్ళమ్మ నిద్రను వాడి ముందు అస్త్రంలా వాడకండి. ఆ మాటతో వాడు ఈ ఏడాది ఆగుతాడు, వచ్చే ఏడాది చెప్పకుండా వెళ్తాడు. అలా వెళ్ళిన పిల్లల తల్లిదండ్రులు నా దగ్గరికి చాలామందే వచ్చారు.

మీవాడికి కావలసింది సముద్రమే అయితే మీ ఊళ్ళో ఉన్నన్ని దారులు మన రాష్ట్రాల్లో ఇంకెక్కడా లేవు. సముద్రపు చేపల మీద పరిశోధన చేసే సీఎంఎఫ్‌ఆర్‌ఐ కేంద్రం, సముద్ర శాస్త్రం మీద పనిచేసే ఎన్‌ఐఓ కేంద్రం, చేపల వేట నౌకల పనికి శిక్షణ ఇచ్చే సిఫ్‌నెట్ యూనిట్, ఆంధ్రా యూనివర్సిటీ అన్నీ విశాఖలోనే ఉన్నాయి. హైదరాబాద్‌లో సముద్ర సమాచారం, హెచ్చరికలు ఇచ్చే ఇన్‌కాయిస్ ఉంది. మెరైన్ బయాలజీలో ఎమ్మెస్సీ చేసి, నీళ్ళ కింద పగడాల సర్వే చెయ్యడం, డేటా రాయడం నేర్చుకుంటే అదే స్కూబాకు అర్థం మారిపోతుంది. నీళ్ళలోకి దిగగల బయాలజిస్టులు మనకు తక్కువే. అండమాన్, లక్షద్వీప్, మన్నార్ సింధుశాఖ, మూడుచోట్లా పగడాలున్నాయి. తర్వాత రాజా అంపత్ వెళ్ళాలనుకుంటే మనోక్వారిలో పాపువా యూనివర్సిటీ, మకస్సార్‌లో హసనుద్దీన్ యూనివర్సిటీ ఉన్నాయి, వాళ్ళతో కలిసి పరిశోధన అనుమతి తీసుకుని వెళ్ళొచ్చు. అప్పుడు ఊరివాళ్ళకు కూడా మీవాడితో పని ఉంటుంది. జీతం మొదట్లో తక్కువే, ప్రాజెక్టు ఉద్యోగాలే ఎక్కువ, అది దాచను. అయినా ఈ పిల్లాడికి ఎంబీఏ కన్నా ఇదే నయం.

ఈలోగా వాణ్ణి ఒకసారి వెళ్ళి రానివ్వండి. ఇంటర్న్‌గా కాదు, టూరిస్టుగా, ఒక నెల. రిసార్టులో వద్దు, ఊరివాళ్ళ హోమ్‌స్టేలో ఉండమనండి. వెళ్ళేలోపు ఇండోనేషియా భాష రోజూ కాస్త నేర్చుకోమనండి, మొదలుపెట్టడానికి తేలికైన భాషే. డైవింగ్ ప్రమాదాలకు, అక్కడినుంచి ఆసుపత్రికి తరలించడానికి వర్తించే ఇన్సూరెన్స్ లేకుండా మాత్రం పంపకండి.

రెండు లక్షలు అడిగిన ఆ రిసార్టుకు ఈ వారమే వాడి చేతే ఈమెయిల్ పెట్టించండి. నన్ను ఏ వీసా మీద ఉంచుతారు, దాని ఖర్చు ఎవరిది, కిందటేడు మీ దగ్గర శిక్షణ పొందినవాళ్ళలో ఎంతమందికి జీతమిచ్చి ఉద్యోగంలో పెట్టుకున్నారు అని అడగమనండి. జవాబు వచ్చాక ముందు మీరు చదవకండి, వాణ్ణే చదవనివ్వండి. ఆ తర్వాత ఇద్దరూ కలిసి నాకు రాయండి.